చీరలు కట్టిన సాళ్లు

నేను వైన్ తాగాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకు కూడా. ఏ రోజు సంగతి ఆ రోజు డైరీలో రాసుకునే అలవాటున్నా, ఆ రోజు పేజీలో మాత్రం "నాన్నతో కంపెనీ యూనిట్‌కు వెళ్లొచ్చాను, ఎండ బాగా ఉంది" అని రాసి మూసేశాను. మూడు చిన్న గ్లాసులు. నోట్లో పోసుకుని, నాలుకంతా తిప్పి, పక్కనున్న స్టీలు గిన్నెలో ఉమ్మేయాలని అక్కడి మేడం చెప్పింది. మొదటి రెండు ఉమ్మేశాను. మూడోది మింగాను.

సిగ్గుపడటం నాకు బాగా అలవాటు. కొత్తవాళ్లు ఇంటికొస్తే వంటింట్లోకి తప్పుకునే మనిషిని. బస్సులో టికెట్ అడగడానికి కూడా గొంతు సవరించుకోవాలి. కానీ ఆ గుటక గురించి నాకు సిగ్గు లేదు. కోపం ఉంది. ఎందుకో చెప్పాలంటే మా తోట గురించి చెప్పాలి.

మా తోట కొత్తకోట నుంచి అమరచింత వెళ్లే దారికి కొంచెం లోపలగా ఉంటుంది. నాకు తెలిసినప్పటి నుంచి అందులో తెల్ల ద్రాక్షే. రాతి కడీలు పాతి, వాటి మీద తీగలు లాగి కట్టిన పందిరి, పందిరి కింద వేలాడే గుత్తులు. పైన ఎంత ఆకున్నా సందుల్లోంచి ఎండ ఎక్కడో ఒకచోట దిగుతుంది. అది తగిలిన పక్క కాయ పసుపెక్కుతుంది, ఒక్కోసారి మచ్చ పడుతుంది. అలాంటి గుత్తిని మార్కెట్లో పక్కకు నెట్టేస్తారు. అందుకని మా దగ్గర ప్రతి గుత్తికీ పాత పేపరు చుట్టి పిన్ను కొడతాం. చేతులెత్తి చేసే పని, సాయంత్రానికి భుజాలు లాగేస్తాయి. ఆ పని ఎప్పుడూ ఆడవాళ్లదే.

నాకు చదవడం మీద ఆశ పుట్టింది ఆ పేపర్ల వల్లే. ఆదివారం అనుబంధంలోని కథ సగం నా చేతికొచ్చేది, మిగతా సగం అప్పటికే ఏదో గుత్తికి అంగీ అయిపోయి ఉండేది. కథలో తలుపు తీసిన మనిషి ఎవరిని చూసిందో తెలుసుకోవడానికి సాలు వెంబడి తల పైకెత్తి వెతుక్కుంటూ తిరిగేదాన్ని.

"చదువుడు ఆపి చుట్టు బిడ్డా," అని అమ్మ అరిచేది. "నీ కథ అయ్యేలోపు కాయ కాలిపోతది."

అమ్మకు ఎండంటే పగ. తోటకు బయల్దేరే ముందు నా కళ్లు తప్ప ముఖమంతా తువ్వాలతో చుట్టేసేది. తర్వాత వెళ్లి గుత్తులకు చుట్టేది. తనకు మాత్రం ఏమీ చుట్టుకునేది కాదు, కొంగు ఒకటి నెత్తిన వేసుకుని దిగేది. ఇష్టమైన దేన్నైనా ఎండ నుంచి దాచడమే ఆమెకు తెలిసిన పద్ధతి.

కొన్నేళ్ల కిందట ఒక వైన్ కంపెనీ మనిషి మా ఊరివైపు తిరగడం మొదలుపెట్టాడు. ఫీల్డ్ ఆఫీసర్. మేం సార్ అనేవాళ్లం. తెల్ల ద్రాక్షతో ఎన్నాళ్లు అని నాన్నను ఒప్పించి తోటలో సగం తీయించి, వైన్‌కు పనికొచ్చే నల్ల రకం పెట్టించాడు. పందిరి లేదు. ఉత్తర దక్షిణాలుగా సాళ్లు, ప్రతి సాలుకూ నిలువుగా కంచెలా తీగలు. ఆ రకం పేరు పలకడానికి ఊళ్లో ఎవరికీ నోరు తిరగలేదు, అందరూ 'కాబినెట్' అనేశారు. పక్క తోట చాచా తెల్ల ద్రాక్ష ఒక్కటే వేస్తాడు. కంపెనీ ఎంత అడిగినా వైన్ రకం ముట్టలేదు. నాన్నను చూసినప్పుడల్లా అనేవాడు, "మా అంగూరు కడుపుల పడ్తది తమ్మీ, మీ అంగూరు సీదా నెత్తికెక్కుతది."

మొదటి కాపు గుత్తులు కట్టాక సార్ వచ్చాడు. టోపీ పెట్టుకుని, నల్లద్దాలు పెట్టుకుని, తెల్ల ద్రాక్ష పందిరి నీడలో కుర్చీ వేయించుకుని కూర్చుని ఎండ గొప్పతనం చెప్పాడు. నా అలవాటు ప్రకారం నేను దూరంగా బోరు దగ్గరికి తప్పుకున్నాను, ఆ మాటలు చాలా రోజుల తర్వాత చాచా చెబితే తెలిశాయి.

"తెల్లది తినే కాయ, ఇది పిండే కాయ. దీని రంగు, వాసన అంతా తోలులో ఉంటుంది. తోలుకు ఎండ పడకపోతే రంగు రాదు, పచ్చివాసన పోదు. గుత్తికి సూర్యుడు కనిపించాలి. గుత్తి చుట్టూ ఆకు తీసేయండి, రెండు వైపులా."

"రెండు దిక్కులా, సార్?" అన్నాడు నాన్న.

"రెండు వైపులా. ఫారిన్‌లో అంతే చేస్తారు."

అప్పుడు అమ్మ మజ్జిగ తెచ్చింది. గ్లాసులు ఇచ్చి, ఖాళీవి తీసుకుని వెళ్లిపోయింది. ఆమె ఉన్నంతసేపు సార్ మాట ఆపాడు. ఆమె వెళ్లాక మళ్లీ మొదలుపెట్టాడు. ఆ తోటలో అందరికంటే ఎక్కువసేపు ఉండే మనిషికి ఈ కొత్త ద్రాక్ష సంగతి ఎవరూ చెప్పలేదు. సార్ చెప్పలేదు, నాన్నా చెప్పలేదు. ఆమెకు చెప్పాల్సిన విషయమని వాళ్లకు తోచనే లేదు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది దీనికే. తర్వాత జరిగిందంతా దీని నుంచి వచ్చిందే.

ఆ రోజుల్లోనే తెల్ల ద్రాక్ష కోతకొచ్చింది. నాన్న బాటపక్క సాళ్లకు కూలీలతో రెండు వైపులా ఆకు తెంపించి, లోడు వెంట హైదరాబాద్ మార్కెట్‌కు వెళ్లాడు. వెనక సాళ్లు, బోరు వైపువి, అమ్మకు వదిలేశాడు. ద్రాక్షను కాపాడాలంటే ఏం చేయాలో అమ్మకు చిన్నప్పటి నుంచి తెలిసింది ఒక్కటే. పేపరు చుట్టింది. నేనూ చుట్టాను. నల్ల ద్రాక్ష కదా, దీనికి అక్కర్లేదేమో అని నాకూ అనిపించలేదు. గుత్తి అంటే చుట్టాల్సిందే అన్నట్టు చుట్టుకుంటూ పోయాం.

మధ్యలో పేపర్లు అయిపోయాయి. కొత్తకోటలో పాత సామాను దుకాణంలో కూడా దొరకలేదు. అమ్మ ఇంటికెళ్లి ట్రంకు పెట్టె తెరిచి, చిరిగిన పాత చీరలన్నీ తెచ్చింది. జరీ అంచు ఊడదీసి దాచుకున్న గద్వాల నూలు చీర కూడా అందులో ఉంది. సాలు పొడవునా తీగలకు ముళ్లేసి కడుతూ వెళ్తే, ఒక్కో సాలుకు ఒక పక్కకే సరిపోయాయి.

"ఏ దిక్కు కడ్దాం అమ్మా?"

"పొద్దుగూకే దిక్కు. మాపటి ఎండ గదా కాల్చేది. పొద్దుగాలటి ఎండ ఏం జేస్తది? చంటిపిల్లలను గూడ నూనె రాసి ఆ ఎండల్నే పండవెడ్తరు."

అమ్మ ఏదో కనిపెట్టిందని నేను అనడం లేదు. ఇంకొన్ని చీరలుంటే తూర్పు పక్క కూడా కట్టేసేది. ఉన్నవి అన్నే. అలా ఆ చివరి సాళ్లకు పొద్దున ఎండ, సాయంత్రం నీడ దొరికాయి.

కాయ రంగు తిరిగి, కోతకు దగ్గరపడ్డాక సార్ మళ్లీ వచ్చాడు. తెల్ల ద్రాక్ష డబ్బులు చేతికి రాక నాన్న ఇంకా మార్కెట్లోనే మకాం వేసి ఉన్నాడు. వెనక సాళ్లు చూసి సార్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏంటమ్మా ఇది? పేపర్ ఏజెన్సీ ఒకటి, చీరల షాపు ఒకటి, రెండూ ఇక్కడే పెట్టేశారా?"

అమ్మ కూడా నవ్వింది. ఏదో సరదాకు అంటున్నాడనుకుంది. ఊడిన చీర కొస ఒకటి చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. అలాగే ఫోటో తీశాడు. ఆ ఫోటో రైతుల గ్రూపులో పడింది. కింద "ఇలా చేయకండి" అని, పక్కన కన్నీళ్లు వచ్చేలా నవ్వే బొమ్మలు. మాకు చాచా తన ఫోన్లో చూపించాడు. పాపం, మా ముఖాలు చూసి వెంటనే జేబులో పెట్టేసుకున్నాడు. వనపర్తి జిల్లా నవ్వింది, గద్వాల వాళ్లు నవ్వారు, నాగర్‌కర్నూల్‌లో ఉండే మా చుట్టాలు ఫోన్ చేసి మరీ నవ్వారు.

సార్ ఆ రోజే కూలీలను పెట్టి మిట్టమధ్యాహ్నం పేపర్లన్నీ చింపించాడు. చీరల సాళ్ల దగ్గరికి వచ్చేసరికి విసుగొచ్చి, "ఇవెలాగూ పోయినట్టే, వదిలెయ్" అన్నాడు. పేపరు కింద పెరిగిన కాయలకు ఎండ అలవాటు లేదు. అసలే పాలిపోయి ఉన్నవి, నాలుగు రోజుల్లో ఒక పక్క చెప్పు తోలులా గోధుమరంగుకు తిరిగాయి. బాటపక్క సాళ్లు, సార్ చెప్పినట్టు రెండు వైపులా ఆకు తెంపినవి, అప్పటికే పడమటి పక్కంతా ముడుచుకుపోయి కిస్మిస్ అయ్యాయి.

నాన్న వచ్చాడు. ఫోటో మార్కెట్లోనే చూసినట్టున్నాడు. అమ్మ మీద కోపమొస్తే నాన్న ఆమెతో మాట్లాడడు, నాతో చెబుతాడు. అమ్మ అక్కడే, చేయి చాస్తే అందేంత దూరంలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"బిడ్డా, మీ అమ్మకు చెప్పు. ఇగ తోటల అడుగు పెట్టొద్దని చెప్పు. నా ఇజ్జత్ తీసింది."

"విన్ననని చెప్పు మీ నాయినకు," అంది అమ్మ. చేట మీది నుంచి తల ఎత్తలేదు.

"మరి బాటపక్క సాళ్లు గూడ కాలినయ్ గదా నాయినా?" అన్నాను నేను. నా గొంతు నాకే వినపడలేదు, ఆయనకు మాత్రం వినపడింది.

"అవి ఎండలు ముదిరి కాలినయ్."

రెండు తప్పులు జరిగాయి. ఒకటి ఎండ ఎక్కువ పెట్టిన తప్పు, ఒకటి నీడ ఎక్కువ పెట్టిన తప్పు. టోపీ పెట్టుకున్న మనిషి చేసినదాన్ని ఆ ఏటి ఎండల ఖాతాలో వేశారు. అమ్మ చేసినదాన్ని మాత్రం అమ్మ పేరుతోనే పిలిచారు. ఊళ్లో ఎవరైనా తెలివితక్కువ పని చేస్తే "ఏంది, పేపర్ చుట్టినవా?" అనడం ఆ ఏడే మొదలైంది.

అమ్మ తోట మానేసింది. పెళ్లై వచ్చిన రోజుల నుంచి, నేను కడుపులో ఉన్నప్పుడు కూడా మానలేదట. ఇప్పుడు మిద్దె మీదికెక్కి బట్టలు ఆరేసే వంకతో తోటవైపు చూసేది. సద్ది తీసుకుని గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండా నా చేతికిచ్చి వెనక్కి తిరిగేది. గేటు దగ్గర నిలబడి అడిగేది, "బోరు నీళ్లు మంచిగ వస్తున్నయా? ఆ చివరి సాలుల డ్రిప్పు పైపు పగిలుండె, సూశిండ్రా?" వెళ్లి చూస్తే, పగిలే ఉండేది.

కోత అయ్యాక కంపెనీవాళ్లు మా పంటను మూడు కుప్పలుగా వేరువేరుగా తీసుకెళ్లారు. అది సార్ ఆలోచన. పేపరు, చీరలు చుడితే వైన్ ఎంత పాడవుతుందో మిగతా రైతులకు చూపిస్తాడట. కొన్ని నెలల తర్వాత హైదరాబాద్ దారిలో ఉన్న వాళ్ల యూనిట్‌కు రమ్మన్నారు. రిపోర్టు ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి నాన్న నన్ను వెంట తీసుకెళ్లాడు.

నాన్న బయట చెట్టు కింద మిగతా రైతులతో టీ తాగుతున్నాడు. నేను రిపోర్టు కోసం ల్యాబ్‌లో ఒక్కదాన్నే నిలబడ్డాను. అక్కడి మేడం నాకంటే కాస్త పెద్దది అంతే. "మీ తోటవే కదా, రుచి చూస్తారా?" అని మూడు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోసింది. వద్దనడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. నిజానికి వద్దనాలనీ లేదు.

మొదటిది బాటపక్క సాళ్లది. ముదురు రంగే, కానీ అంచున ఇటుకరంగు. పాకం మాడిన వాసన. నాలుకకు పులుపు తగల్లేదు. రెండోది పేపర్ల సాళ్లది. నీళ్లు కలిపినట్టు పలచగా, పచ్చి క్యాప్సికం కోసిన వాసనతో ఉంది, చివర చేదు. అమ్మ చుట్టినదీ నేను చుట్టినదీ అదే, అది బాగాలేదు. బాగుందని నేను అబద్ధమాడను.

మూడోది వెలుతురుకు పట్టుకుంటే అల్లనేరేడు పండు తిన్నాక నాలుకకు అంటే రంగు. వాసనా కాస్త అలాంటిదే. పులుపుంది, వగరుంది, రెండూ ఒకదాన్నొకటి తోసుకోకుండా ఉన్నాయి. మంచి వైన్ ఎలా ఉంటుందో నాకేం తెలుసు? కానీ దాన్ని ఉమ్మేయాలనిపించలేదు. ఆ గిన్నెలో ఉమ్మేస్తే ఆ రోజు ఫోటో తీసినవాడితో కలిసి నేనూ నవ్వినట్టే అనిపించింది.

"ఇది ఏ సాళ్లది? ఏం చేశారు దీనికి?" అంది మేడం.

"చీరలు కట్టింది మా అమ్మ. పడమటి పక్క."

ఆమె నవ్వింది, కానీ అది వేరే నవ్వు. కుర్చీ నా వైపు జరిపి చెప్పింది. పొద్దున గాలి చల్లగా ఉంటుంది, అప్పటి ఎండ కాయకు వెలుతురు ఇస్తుంది గానీ కాయను ఉడికించదు. ఆ వెలుతురుకు తోలులో రంగు కడుతుంది, పచ్చివాసన విరుగుతుంది. మధ్యాహ్నం తర్వాత గాలే కాలుతుంటుంది, అప్పుడు సూటిగా ఎండ పడితే కాయ గాలికంటే వేడెక్కుతుంది, కట్టిన రంగు పోతుంది, పులుపు పోతుంది. చల్లని దేశాల్లో రెండు వైపులా ఆకు తీస్తే చెల్లుతుంది, మన దగ్గర చెల్లదు. ఈ ముక్కంతా రిపోర్టులో రాసి ఇచ్చింది.

బస్సులో నాన్నకు చదివి వినిపించాను.

"మంచిగ వచ్చినయ్ అమ్మ చీరెలు కట్టిన సాళ్లు నాయినా. అన్నిటికంటె అవే మంచిగున్నయంట."

"ఎవరన్నరు?"

"మేడం అన్నది."

"మేడం అంటది. సార్ ఏమంటడో అడగాలె," అని కిటికీ వైపు తిరిగాడు.

నేనూ తాగి చూశాను అని నోటిదాకా వచ్చింది. అంటే ఏమయ్యేదో తెలుసు. ఇక వైన్ సంగతి ఎవరూ మాట్లాడరు, నా సంగతే మాట్లాడతారు. అందుకే మింగేశాను, ఆ మాట కూడా.

మళ్లీ గుత్తులు కట్టే కాలానికి సార్ మా తోటలోనే రైతుల మీటింగ్ పెట్టాడు. చివరి సాళ్లకు పడమటి పక్క ఆకుపచ్చ వల కట్టించాడు. కంపెనీ టోపీలు పంచాడు. గొంతు పెంచి చెప్పాడు, "ఇది వెస్ట్ సైడ్ షేడింగ్. తూర్పు వైపు మాత్రమే ఆకు తీయాలి, పడమర ముట్టుకోవద్దు. పోయిన సీజన్లో ఈ తోటలోనే మేం ట్రయల్ చేశాం, రిజల్ట్ అద్భుతం."

ట్రయల్ చేశారట! నేను బోరు దగ్గర నిలబడి ఉన్నాను. అమ్మ టీ క్యాన్ తెచ్చి గేటు అవతల నిలబడి ఉంది. లోపలికి రాకూడదు కదా. ఆ మాట ఆమెకూ వినపడింది.

"ట్రయల్ కాదు సార్, అవి మా అమ్మ చీరలు," అన్నాను.

ఎవరికీ వినపడలేదు. నా పక్కనున్న చాచాకు వినపడింది. ఆయన చేయెత్తాడు.

"సార్, జర ఆగుండ్రి. పిల్ల ఏమో అంటుంది. గవి వాళ్లమ్మ చీరెలంట."

నవ్వులు. ఎవరో వెనక నుంచి, "ఏందమ్మా, చీరెలకు గూడ పేటెంట్ గావాల్నా?" అన్నారు. ఇంకా నవ్వులు.

సార్ కూడా నవ్వాడు. "చూడమ్మా, మీ అమ్మ తెలియక చేసింది. మేం తెలిసి చేయిస్తున్నాం. తేడా ఉంది కదా?"

చాచా చెవి దగ్గర చెప్పాను. ఆయన మైకులా అందుకున్నాడు. "సార్, పిల్ల అడుగుతుంది. గట్లయితే బాటపక్క సాళ్లు తెలిసే కాల్పించిండ్రా అని."

ఈసారి ఎవరూ నవ్వలేదు. బాటపక్క సాళ్లు ఎలా అయ్యాయో అందరూ చూసినవాళ్లే. అందులో కొందరు సార్ మాట విని తమ సాళ్లు కూడా కాల్చుకున్నవాళ్లే.

"ఆ ఏడు ఎండలు ఎక్కువండీ," అన్నాడు సార్. టోపీ సర్దుకుని, "టీ వచ్చిందా?" అన్నాడు.

గేటు దగ్గరికి వెళ్లి క్యాన్ నేనే అందుకున్నాను. అమ్మ నా ముఖంలోకి చూసి, "ఎందుకే గిట్ల వణుకుతున్నవ్? ఎండ తగిలిందా?" అని నెత్తిన కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. నాన్న ఆ పక్కనే రాతి కడీకి ఆనుకుని, నేలవైపు చూస్తూ నిలబడ్డాడు. నన్ను తిట్టలేదు. సార్ వైపు కూడా చూడలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో దీపం పెట్టేవేళ నాన్న గడప మీద కూర్చున్నాడు. అమ్మ వాకిట్లో ఆరిన బట్టలు మడతపెడుతోంది. వాటిలో, వల కట్టేటప్పుడు సార్ మనుషులు విప్పి పడేసిన ఆ గద్వాల నూలు చీర కూడా ఉంది. దాన్ని ఆమె ఎప్పుడు ఏరి తెచ్చుకుని ఉతికిందో నాకు తెలియదు. నాన్న చాలాసేపు గొంతు సవరించుకున్నాడు, టికెట్ అడగబోయే ముందు నేను సవరించుకున్నట్టే. తప్పైందంటాడేమో అనుకున్నాను. ఆ ఒక్క మాట కోసం అమ్మ చేతిలో మడత ఆగింది. నాన్న ఆమె వైపు చూడలేదు, నన్ను పిలిచాడు. ఈ సంగతి మీద ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే.

"బిడ్డా, రేపటి సంది తోటకు రమ్మను మీ అమ్మను. పొద్దుగూకే దిక్కు ఆకు ముట్టొద్దని జర గట్టిగ చెప్పు. ఆమెకు తెల్వదు."